డీఎస్సీ ఎస్జీటీ లాంగ్ టర్మ్ కోచింగ్ రివ్యూ: 5కి 3 స్టార్లు, ఆ మూడూ ఒక్క సార్‌కే

ఇది ఎస్జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతుల గవర్నమెంటు టీచరు పోస్టుకి, డీఎస్సీ అనే ఎంపిక పరీక్ష కోసం తీసుకున్న కోచింగ్ గురించి. ముందే చెప్పేస్తున్నా, ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను, ఎందుకంటే రెండో విడత ఫీజు ఇంకా బాకీ ఉంది, నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలోనే ఉన్నాయి. రాజమండ్రి అని మాత్రం చెప్తా, అంతవరకే. కోచింగ్‌కి వెళ్ళాలా వద్దా అని వాట్సాప్‌లో అడుగుతున్నవాళ్ళు ఇప్పటికి పదిమంది పైనే అయ్యారు, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాస్తున్నా, పెద్దదే అవుద్ది మరి.

నా సంగతి రెండు ముక్కల్లో. డైట్‌లో (గవర్నమెంటు టీచర్ ట్రైనింగ్ కాలేజీ) డీఈడీ చేశా, టెట్ (టీచరు అర్హత పరీక్ష) క్వాలిఫై అయ్యా, మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులు అనగానే ఇన్నిట్లో మనకొకటి రాకపోద్దా అని ఇంట్లోనే కూర్చుని చదివా, కొద్దిలో పోయింది. నాన్న రిటైర్డ్ టీచరు, తాతయ్య కూడా టీచరే, మూడో తరం దగ్గరకొచ్చి ఆగిపోయిందేంటని ఆయన బాధ, అందుకే ఫీజు ఆయనే కడుతున్నారు. 18 వేలు, రెండు విడతలు. హాస్టల్ వేరే, నెలకి 6 వేలు, నలుగురికో రూము.

హాస్టల్ గురించి ఎక్కువ రాయను. ఆదివారం సాంబారు బాగుంటుంది, మిగతా ఆరు రోజులూ అదే సాంబారు పల్చబడుతూ వస్తుంది. పొద్దున్న 5కి లేవకపోతే బాత్రూమ్ లైన్లోనే మొదటి క్లాసు అయిపోతుంది. స్టడీ హాల్ మాత్రం నిజంగా బాగుంది, రాత్రి 2కి కూడా లైట్లు ఆర్పరు, ఎవరూ ఫోన్ మాట్లాడరు, మాట్లాడితే పక్కనున్న పాతికమంది ఒకేసారి తిరిగి చూస్తారు.

క్లాసుకి 240 మంది. వెనకున్నవాళ్ళకి టీవీలు పెట్టారు, అంటే సార్ అక్కడే ఉన్నా మనం టీవీలోనే చూస్తాం. తెలుగు మేడమ్ బాగా చెప్తారు, లెక్కల సార్ స్పీడు ఎక్కువ, సైకాలజీ అంతా గుర్తుపెట్టుకునే కోడ్లే, పిల్లల ఆలోచన ఎదిగే పియాజే దశలకో కోడు, కోల్‌బర్గ్‌కో కోడు, కోడు గుర్తుంటుంది గానీ అది దేని కోడో పరీక్షలో గుర్తురాదు.

మెటీరియల్ గురించి ఒక్కటి చెప్తా, మిగతావి మీరే ఊహించుకోండి. ఎన్‌సీటీఈ (టీచర్ ట్రైనింగ్ కాలేజీల మీద ఉండే జాతీయ మండలి) ఎప్పుడు ఏర్పడింది అని బిట్ ఉంది కదా, బుక్‌లో కీ 1973, బిట్ బ్యాంక్‌లో అదే ప్రశ్నకి 1995, వీక్లీ టెస్ట్‌లో 1993 పెట్టినవాళ్ళకి మార్కు వేశారు. ఆఫీసులో అడిగితే "మేడమ్, ముందు సిలబస్ కంప్లీట్ అవ్వనివ్వండి" అన్నాడు రిసెప్షన్ కుర్రాడు. పర్‌స్పెక్టివ్స్, అంటే విద్యా దృక్పథాలు చెప్పే సార్‌ని అడిగితే ఆయన నవ్వి, మూడూ కరెక్టేనమ్మా, అదే గొడవ అన్నారు. 1973లో పెట్టింది ఉత్త సలహా మండలి, ఏ కాలేజీ మీదా చెయ్యి వేసే అధికారం దానికి లేదు, దానికి చట్టబద్ధత ఇవ్వాలని 1986 విద్యా విధానం చెప్పింది, 1993లో పార్లమెంటు చట్టం చేసింది, 1995 ఆగస్టు 17 నుంచి చట్టబద్ధ సంస్థగా పని మొదలెట్టింది. ప్రశ్నలో "చట్టం" అన్నాడా ఇంకోటన్నాడా చూసుకోండి అని. ఆ మధ్యలో ఇరవై ఏళ్ళ పైగా సలహాలైతే ఉన్నాయి గానీ కాలేజీ మూయించే చెయ్యి ఎక్కడుందో చెప్పండి అని ఆయనే అడిగి, ఆయనే బోర్డు తుడిచేసుకున్నారు.

ఇంక ఈ రివ్యూ అంతా ఈయన గురించే అనుకోండి. రిటైర్డ్ లెక్చరర్, టీచర్లకి పాఠాలు చెప్పే ఉద్యోగమే జీవితమంతా చేశారట, మైకు పట్టుకోరు, టీవీల వాళ్ళకి వినపడదని ఆఫీసువాళ్ళు ఎంత చెప్పినా సుద్దముక్కే. విద్యా దృక్పథాలకి ఎస్జీటీ పేపర్లో పట్టుమని పది మార్కులు కూడా ఉండవు, అందుకని చాలామంది ఆ పీరియడ్‌లో వేరే బిట్లు చేసుకుంటారు. నేనూ మొదట్లో అంతే.

మొదటి రోజు లోపలికి రాగానే, మీరు రాసే పోస్టు పేరేంటి అన్నారు. సెకండరీ గ్రేడ్ టీచర్ అన్నాం. చెప్పేది ఏ క్లాసులకి? ఒకటి నుంచి ఐదు. మరి ప్రైమరీ టీచర్‌కి సెకండరీ అనే పేరేంటి? 240 మందిలో ఒక్కళ్ళు నోరెత్తితే ఒట్టు. మా ఇంట్లో రెండు తరాలు ఇదే ఉద్యోగం చేశాయి, నాకూ తెలీదు. ఆ గ్రేడు పిల్లల క్లాసుది కాదట, టీచరు సొంత చదువుది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో నువ్వు ఎంతవరకు చదివి ట్రైనింగ్‌కి వచ్చావన్నదాన్ని బట్టి లోయర్ ఎలిమెంటరీ గ్రేడు, హయ్యర్ ఎలిమెంటరీ గ్రేడు, సెకండరీ గ్రేడు అని సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళు. హైస్కూలు పూర్తిచేసి ట్రైనింగ్ అయినవాడు సెకండరీ గ్రేడు. కింద రెండు గ్రేడులూ పోయాయి, ఇది మాత్రం పేరులో అతుక్కుని ఉండిపోయింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్తే, "అవునే, మా నాన్న దాన్ని ఎస్జీబీటీ అనేవాడు, సెకండరీ గ్రేడ్ బేసిక్ ట్రైనింగ్" అన్నారు, ఆ బేసిక్ సంగతి కింద చెప్తా.

తర్వాత వారం మన్రో. మన్రో అంటే మాకు రైత్వారీ బిట్టు, అంతే. సార్ చెప్పిందేంటంటే, 1822లో మద్రాసు గవర్నర్‌గా ఉండి మన్రో కలెక్టర్లందరినీ మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని లెక్కలడిగాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు తేలాయి, సుమారు వెయ్యిమంది జనానికి ఒకటి. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టులో 533 బడులు, వాటిలో తెలుగు బడులు కూడా బోలెడు. మన వీధిబడి ఎలా నడిచేదో అందులో ఉంది, కొత్తగా చేరిన పిల్లాడు ఇసకలో వేలితో దిద్దడం, ముందు నేర్చుకున్న పిల్లలు వెనకాలవాళ్ళకి చెప్పడం, ఈ పద్ధతిని ఇంగ్లండువాళ్ళు కాపీ కొట్టారంటే కొట్టాల్సిందే అన్నట్టు మెచ్చుకున్నాడాయన.

కాపీ కొట్టిన సంగతి కూడా అసలుదే. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల బడి ఉండేది, 1789 నుంచి దాన్ని ఆండ్రూ బెల్ అనే పాస్టర్ చూసేవాడు. ఆయన ఒకరోజు దారిలో మనవాళ్ళ బడి పిల్లలు ఇసకలో రాసుకోవడం చూసి తన బడిలోనూ అలాగే రాయించమన్నాడు, ఉన్న మాస్టర్లు మా వల్ల కాదన్నారు. సరే అని జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడిని పిలిచి చిన్నవాళ్ళకి నువ్వు చెప్పు అన్నాడు. వాడు చెప్పేశాడు! దాన్నే బెల్ 1797లో లండన్లో పుస్తకం వేస్తే మద్రాస్ సిస్టమ్ అని పేరొచ్చి అక్కడ వందల బడుల్లో పెట్టేశారు. మన మెటీరియల్లో ఇది "మానిటోరియల్ పద్ధతి – బెల్, లాంకాస్టర్" అని ఒక్క లైను. ఆ ఎనిమిదేళ్ళవాడు ఇప్పుడుంటే ముందు టెట్ రాసి రా అనేవాళ్ళు అని సార్ జోకు.

మళ్ళీ మన్రో. లెక్కలొచ్చాక 1826 మార్చిలో ఆయన రాసిన నోట్‌లో సార్ మా చేత అండర్‌లైన్ చేయించింది జీతం ముక్క. బడిపంతులుకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రావట్లేదు, ఆ డబ్బుకి అర్హత ఉన్నవాడు ఈ పనికెందుకొస్తాడు అని ఆయనే రాశాడు. అందుకని టీచర్లని తయారుచేసే స్కూలు ఒకటి మద్రాసులో పెట్టాలి, జిల్లా బడి టీచరుకి సర్కారు 15 రూపాయలు, తాలూకా బడి టీచరుకి 9 ఇవ్వాలి, మిగతాది పిల్లల దగ్గర వచ్చే ఫీజుతో సర్దుకుంటారు అని లెక్క. మరుసటేడు జులైలో కర్నూలు వైపు పత్తికొండలో కలరాతో పోయాడు. పదేళ్ళు తిరిగేలోపు ఆ ప్లానూ పోయింది, డబ్బంతా ఇంగ్లీషు చదువు వైపు తిరిగింది. ఇంత కథ ఉంటే మనకి బిట్ ఏం వస్తుంది? "మన్రో మినిట్ ఏ సంవత్సరం?"

1854 వుడ్స్ డిస్పాచ్, అంటే మన చదువుల మీద లండన్ నుంచి వచ్చిన ఉత్తర్వు, మీకందరికీ నోటికొచ్చు, మాగ్నాకార్టా అని. నార్మల్ స్కూల్స్ పెట్టండి, ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళకి స్టైఫండ్ ఇవ్వండి అని అందులోనే ఉంది. నార్మల్ స్కూల్ అంటే మరి అబ్‌నార్మల్ స్కూల్ ఎక్కడుంది సార్ అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు, మీరు కూర్చుంది అదే అన్నారాయన, క్లాసంతా గొల్లుమంది. తర్వాత చెప్పారు, అది ఫ్రెంచివాళ్ళ మాట నుంచి వచ్చింది, నార్మ్ అంటే ప్రమాణం, ఇలా చెప్పాలి అని చూపించే బడి. మద్రాసు ప్రభుత్వం 1856లో పెట్టిన నార్మల్ స్కూలే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. సెప్టెంబర్ 5న మన కోచింగ్‌లో దండేసే ఫోటో ఉంది చూశారా, రాధాకృష్ణన్ గారిది, ఎం.ఏ. చేసి లెక్చరర్‌గా చేరాక ఆయన్ని కూడా 1910లో ఎల్‌టీ అనే టీచర్ ట్రైనింగ్‌కి ఆ సైదాపేటకే పంపించారు. ఎంతటివాడైనా ట్రైనింగ్ తప్పలేదు. మన రాజమండ్రిలోనూ బ్రిటిష్ వాళ్ళ నాటి ట్రైనింగ్ కాలేజీ ఉంది, రోజూ దాని ముందునుంచి షేర్ ఆటోలో వెళ్తూ కూడా నేను ఏదో ఆఫీసనుకున్నా.

నాకు బాగా గుచ్చుకున్నది 1904. కర్జన్ కాలంలో వచ్చిన విద్యా విధాన తీర్మానంలో ప్రతి ట్రైనింగ్ కాలేజీకి ఒక ప్రాక్టీసింగ్ స్కూలు అతికి ఉండాలి అని రాశారు. పిల్లలున్న బడి పక్కన లేకుండా టీచర్ని తయారుచేయడం కుదరదని అప్పుడే ఒప్పుకున్నారన్నమాట. సార్ ఇది చెప్పి, ఈ బిల్డింగ్‌లో పదేళ్ళలోపు పిల్లలెందరున్నారు అని అడిగారు. కింద జిరాక్స్ షాపువాళ్ళ పాప ఒక్కతే.

తాతయ్య బేసిక్ సంగతి. 1937 అక్టోబర్లో గాంధీగారు వార్ధాలో సమావేశం పెట్టడం, జాకిర్ హుస్సేన్ కమిటీ, నయీ తాలీం, చేతి పని ద్వారా చదువు, ఇవన్నీ బిట్లుగా వచ్చు. కానీ అది బేసిక్ ట్రైనింగ్ స్కూళ్ళలో యాభైల దాకా వచ్చి మా తాతయ్య చేతికి తకిలీ (నూలు వడికే కదురు) ఇచ్చిందని నాకు తట్టలేదు. నాన్న ఫోన్లో చెప్పారు, తాతయ్య ట్రైనింగ్‌లో ఏకులు వడికి నూలు చిలపలు కట్టి లెక్క అప్పజెప్పాలట, పాఠం ఎంత బాగా చెప్పినా నూలు తెగితే మార్కులు తెగేవట, ఆయన నూలు ఎప్పుడూ తెగేదట. నేను డైట్‌లో టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్ళినప్పుడు చార్టులు, టీఎల్‌ఎం (పాఠం చెప్పడానికి వాడే సామాను) అన్నీ షాపులో కొనుక్కుని వెళ్ళా, రికార్డుల్లో సగం పక్కదాన్ని చూసి ఎక్కించిందే, నా నూలు ఎవరూ లాగి చూళ్ళేదు. ఇంకా నేను నయం, ప్రైవేటులో చేరి రెండేళ్ళూ పరీక్షలకి తప్ప కాలేజీ గేటు చూడనివాళ్ళు నా పక్క బెడ్ మీదే పడుకుంటున్నారు. ఇలాంటి చోద్యాల మీదే 2012లో జస్టిస్ వర్మ కమిషన్ రిపోర్టు ఇచ్చింది, సుప్రీంకోర్టు వేసిన కమిషన్ అది, దాన్ని మా బుక్కులో ఎక్కడా వేయలేదు, ఎందుకు వేయలేదో నేను చెప్పక్కర్లేదు.

నాన్నది ఇంకో రకం. ఎనభైల్లో నెలకి 398 రూపాయల ఫిక్స్‌డ్ జీతానికి స్పెషల్ టీచర్లని వేశారు, ఇప్పటికీ వాళ్ళని 398 టీచర్లనే అంటారు, మనిషికి జీతమే ఇంటిపేరైపోయింది. సార్ మన్రో 9 రూపాయల దగ్గర ఈ 398 కూడా చెప్తారనుకుని నేను ముందే నవ్వా, ఆయన చెప్పలేదు, ఆయన కూడా అందులోంచి వచ్చారేమో, అడగలేదు. ఆ తర్వాత ఇంగ్లండు సాయంతో ఏపీపెప్ అనే ప్రైమరీ చదువుల ప్రాజెక్టు వచ్చింది, టీచర్లందరికీ క్యాంపులు, ఆరు సూత్రాలు, చేస్తూ నేర్చుకోవడం, గ్రూపు పని, ఊళ్ళో దొరికేవాటితో చెప్పడం, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించడం, అలా. నాన్న ట్రంకు పెట్టెలో ఆ మాడ్యూలు ఇంకా ఉంది, మధ్యలో పురికొస పెట్టి ఉంటుంది. గోడకి మేకులు కొడితే హెడ్‌మాస్టర్ తిడతారని ఆ పురికొస కిటికీ నుంచి కిటికీకి కట్టి పిల్లల బొమ్మలు బట్టల్లాగా ఆరేసేవారట. చింతపిక్కలతో కూడికలు అప్పుడు మొదలెట్టినవే, రిటైరయ్యే రోజు వరకు జేబులో చింతపిక్కలుండేవి, ఉతికేటప్పుడు అమ్మ తిట్టుకునేది. ఆ తర్వాత డీపెప్, సర్వశిక్షా అభియాన్, టీఎల్‌ఎంకి ఏడాదికి 500, క్లిప్, క్లాప్, ఇంకేవేవో, పేర్లు మారినప్పుడల్లా నాన్న మండల రిసోర్స్ సెంటర్‌కి వెళ్ళి మళ్ళీ ట్రైనింగ్ అయి వచ్చేవారు.

ఇప్పుడు ఆదివారాలు ఇక్కడ టెట్ బ్యాచ్ నడుస్తోంది, అందులో సగంమంది సర్వీసులో ఉన్న టీచర్లే. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది కదా, ఐదేళ్ళకి మించి సర్వీసు మిగిలున్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలని. ఒక మేడమ్ నా పక్కన కూర్చుంటారు, పాతికేళ్ళ సర్వీసు, రెండు కళ్ళజోళ్ళు తెచ్చుకుంటారు, బోర్డుకొకటి పుస్తకానికొకటి. నేను ఆవిడకి పియాజే కోడు చెప్పా, ఆవిడ నాకు అక్షరాలు రాని రెండో తరగతి పిల్లాడిని మొదటి వారం ఏం చెయ్యాలో చెప్పారు. లాభం ఎవరికో మీరే చూసుకోండి. బీఈడీ వాళ్ళ పరిస్థితి ఇంకోలా, 2023 ఆగస్టు తీర్పుతో ఎస్జీటీకి పనికిరారని తేలిపోయింది, నా ఫ్రెండ్ ఒకమ్మాయి అప్పటికే ఎస్జీటీ బ్యాచ్‌కి ఫీజు కట్టేసి ఉంది, వేరే చోట, తిరిగివ్వలేదు.

సార్ గురించి చివరిది. శనివారం క్లాసులో ఆఖరి ఇరవై నిమిషాలు బిట్లు ఆపేసి, ఒక్కొక్కళ్ళని బోర్డు దగ్గరకి పిలిచి మూడో తరగతి పాఠం ఐదు నిమిషాలు చెప్పమనేవారు, మిగతావాళ్ళం పిల్లల్లా కూర్చోవాలి. మొదటి వారం ఎవరూ లేవలేదు. రెండో వారం నేను లేచా, భిన్నాలు. గుండ్రంగా రొట్టె గీసి సగం చేశా, మళ్ళీ సగం చేసి 1/4 రాశా, చేతులు వణికి గీత వంకరపోయింది. బాగానే పోతోందనుకునేలోపు ఆ రెండు కళ్ళజోళ్ళ మేడమ్ (ఆ రోజు రెగ్యులర్ బ్యాచ్‌లో కూర్చున్నారు) చెయ్యెత్తి, "టీచర్, రెండు కంటే నాలుగు పెద్దది కదా, మరి నాలుగున్న ముక్క చిన్నగా ఎందుకుంది?" అని అచ్చం పిల్లలాగే అడిగారు. నాకు తెలుసు. హారం, లవం, నియమం అన్నీ తెలుసు. మూడో తరగతి పిల్లకి చెప్పే మాట మాత్రం నోట్లోంచి రాలేదు, అలాగే నిలబడిపోయా, సుద్ద పొడి అంతా డ్రెస్ మీద. సార్ ఏమీ అనలేదు, వచ్చే వారం మళ్ళీ చెప్పు అన్నారంతే. వారమంతా రొట్టెలు గీశా. చివరికి నాన్నే ఫోన్లో చెప్పారు, రొట్టె నలుగురికి పంచితే నీ వాటా ఎంతొస్తుంది, ఇద్దరికైతే ఎంతొస్తుంది అని అడుగు, కింద రాసే అంకె తినేవాళ్ళ సంఖ్య అని చెప్పు, గొడవే లేదు అని. తర్వాత శనివారం అదే చెప్పా, మేడమ్ తలూపారు.

మూడు వారాలకి ఆ ఇరవై నిమిషాలు తీసేశారు. మేనేజ్‌మెంట్‌ని తిడదామనుకుంటే కంప్లైంట్ చేసింది మన స్టూడెంట్సేనట, బిట్స్ టైం వేస్ట్ అవుతోందని. పేపర్లో బోర్డు మీద చెప్పించే ముక్కే లేనప్పుడు వాళ్ళదీ తప్పనలేను, ఆ శనివారాలు నేను కూడా గ్రాండ్ టెస్ట్‌లో వెనకబడ్డా.

చేరాలనుకుంటే ఇవి చూసుకోండి. ఒరిజినల్స్ ఇవ్వకండి, జిరాక్స్ చాలదా అని గట్టిగా అడగండి, నేను అడగలేదు. దిండు ఇంటి నుంచి తెచ్చుకోండి. మెటీరియల్ సెట్ కొనక్కర్లేదు, పాత అకాడమీ పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. సార్ పొద్దున్న బ్యాచ్‌కి మాత్రమే వస్తారు, సాయంత్రం బ్యాచ్‌కి అదే సబ్జెక్టు ఇంకెవరో పీపీటీ పెట్టి చదువుతారు, కాబట్టి డబ్బులు కట్టేముందే విద్యా దృక్పథాలు ఎవరు చెప్తున్నారో పేరు అడిగి రసీదు మీద బ్యాచ్ టైము రాయించుకోండి.